అచ్చు కాని పన్నెండో భాగం

విలేకరి ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళు నా దగ్గరికి వస్తే తరచుగా ఒకే ప్రశ్న వేస్తారు. మీ చేతిలోంచి జారిపోయిన పెద్ద వార్త ఏమిటండీ అని. ఏ మంత్రి రాజీనామానో, ఏ రైలు ప్రమాదమో చెబుతానని కాగితం తీసి కూర్చుంటారు. జర్మనీలో ఒక సన్యాసి దాదాపు అయిదు వందల ఏళ్ళ కిందట నిండు సభలో ఇచ్చిన జవాబు అంటాను. మర్యాదగా నవ్వి మాట మారుస్తారు. పెద్దవాణ్ణి కదా, మతి తప్పిందనుకుంటారు. అందుకని ఈసారి మొత్తం రాసి పెడుతున్నాను.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఎండాకాలం. అప్పుడు నేను నూజివీడులో ఒక మద్రాసు దినపత్రికకు విలేకరిని. విలేకరి అన్నది పెద్ద మాట. వార్త రాసేది నేనే, పేపరు కట్ట బస్సులోంచి దించుకునేది నేనే, సైకిలు మీద చందాదార్ల ఇళ్ళకి చేర్చేదీ నేనే. అవి కాగితం కరువు రోజులు. పేపరు ఆరు పేజీల నుంచి నాలుగు పేజీలకి దిగిపోతూ ఉండేది. మా ఊరి వార్త ఒకటి అచ్చయిందంటే, ఆ రోజు లోకంలో ఇంకెక్కడా ఏమీ జరగలేదని అర్థం.

అలాంటి పేపర్లో పదకొండు ఆదివారాలపాటు, పదహారో శతాబ్దపు ఐరోపా గురించి అరపేజీ వచ్చింది. రాసినవారు మా హైస్కూల్లో చరిత్ర చెప్పే మేష్టారు.

మేష్టారికి అప్పటికి రిటైరవడానికి ఏడాదో రెండేళ్ళో ఉంది. ఎంత ఎండలోనైనా పై బొత్తాం దాకా పెట్టుకున్న తెల్లకోటు, చంకలో గొడుగు. చదువుకోడానికి మద్రాసు వెళ్ళిరావడం తప్ప ఆయన ఎక్కడికీ వెళ్ళలేదు. లిస్బన్ రేవులో ఓడ దిగినవాడు రాజుగారి కోటకి ఎటు నడవాలో మాత్రం ఆయనకి తెలుసు. ఒకసారి బందరు తీసుకెళ్ళి సముద్రం చూపించాను. చాలాసేపు చూసి, “ఇటునుంచి కాదోయ్, అటునుంచి చూడాలి” అన్నారు. ఆయన కోరికంతా ఆ ఒక్క మాటలో ఉంది.

అప్పటికి మా జిల్లాలో బళ్ళు ఒక్కొక్కటే తెలుగులోకి మారుతున్నాయి. పై తరగతులకి ఐరోపా చరిత్ర మాత్రం ఇంగ్లీషు పుస్తకంలోంచే చెప్పేవారు. పిల్లలు అర్థం కాకుండానే బట్టీ పట్టేవాళ్ళు. దాన్ని తెలుగులో రాయాలని మేష్టారు ఇరవై ఏళ్ళుగా అనుకుంటున్నారు. బెజవాడలో పాఠ్యపుస్తకాలు నిర్ణయించే ఒక సంఘం ఉండేది. రిటైరైన స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు ఒకాయన దానికి అధ్యక్షులు. మేష్టారు వెళ్ళి అడిగితే ఆయన అన్నారట:

“రాజుల యుద్ధాలు ఎవరైనా రాస్తారండీ. ఆ మతం గొడవ ఉంది చూశారూ, మనిషి లోపల జరిగేది, దాన్ని తెలుగులో రాసి మామూలు మనిషి చేత అర్థమైందనిపించండి. చేతిరాత కాయితాలు నేను చూడను. ఏదైనా పేపర్లో వెయ్యండి. జనం చదవాలి. ఎండాకాలం చివర్లో మా సమావేశం. అప్పటికి పూర్తయితే పుస్తకం మీకే అప్పగిస్తాం.”

ఆ సంగతి మా ఆదివారం పేజీ చూసే సబెడిటరుకి నేను రాశాను. ఆయన మంచివాడు. పన్నెండు వారాలు చోటిస్తానన్నాడు. పదమూడోది అడగొద్దని కూడా రాశాడు.

ఇక్కడ ఎవరి పేరూ రాయను. మేష్టారి పద్ధతీ అదే. విదేశీ పేరు వినపడగానే మనిషి చెవి మూసుకుంటుందనేవారు. “పోపు, రాజు, నావికుడు, సన్యాసి. ఈ నలుగురు చాలునోయ్” అనేవారు.

ఆదివారం మధ్యాహ్నం పేపరు వచ్చేది. కట్ట దించుకుని నేను ముందు వెళ్ళేది షావుకారుగారి మామిడి మండీకి. మేలో మండీ ఎలా ఉంటుందో మా ఊళ్ళో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. నేలంతా వరిగడ్డి, గడ్డి మీద రసాల కుప్పలు, సొన వాసన, పండు వాసన, తడి గోనె వాసన. నేను గడ్డి మోపు మీద కూర్చుని బిగ్గరగా చదివేవాణ్ణి. షావుకారుగారు, రెడ్డిగూడెం నుంచి కాయ తోలుకొచ్చిన ఒక నడివయసు రైతు, కాయలు ఏరే ఆడవాళ్ళు, బండివాళ్ళు వినేవాళ్ళు.

మేష్టారు వెనకాల స్తంభానికి ఆనుకుని నిలబడేవారు. ఒక్క మాట మాట్లాడేవారు కాదు. చేతిలో చిన్న నోటుబుక్కు. ఎవరన్నా చుట్ట వెలిగించినా, పక్కవాడితో గుసగుసలాడినా ఆ చోట ఏ వాక్యం నడుస్తోందో గుర్తు పెట్టుకునేవారు. “మూడో పేరాలో రెండు చుట్టలు వెలిగాయి. అది చెడిపోయిన పేరా” అనేవారు నాతో తర్వాత. ఆ మండీలో చుట్టలు వెలగకుండా రాయడమే ఆయన తపస్సు.

పోపు సముద్రం మీద గీత గీసిన భాగం చదివిన రోజు రెడ్డిగూడెం రైతు చెయ్యెత్తి ఆపాడు.

“ఆగండి బాబూ. ఇటుపక్కదంతా పోర్చుగలు వాళ్ళకి, అటుపక్కదంతా స్పెయిను వాళ్ళకి. అంతేనా?”

“అంతే.”

“మరి మనం ఎటు పడ్డాం?”

“పోర్చుగలు పక్క.”

“మనకెవరన్నా కబురెట్టారా?”

షావుకారుగారు అందుకున్నారు. “నీకు కబురెడితే నువ్వు ముహూర్తం చూసుకుని ఏడాదికి గానీ బయల్దేరవని ఊరుకుని ఉంటాడు.”

ఫ్రాన్సు రాజు, ఇంగ్లండు రాజు స్నేహం కలుపుకోవడానికి జరీ గుడారాలు వేసుకుని కలిసిన భాగం షావుకారుగారికి బాగా నచ్చింది. ఎవరు ముందు గుర్రం దిగాలి, ఎవరి గుడారం ఎంత ఎత్తుండాలి అన్నది మంత్రులు నెలల తరబడి మాట్లాడుకున్నారని చదివితే, “విడిదింటి మర్యాదలు ఎక్కడైనా ఒకటేనండీ” అన్నారు. చివర్లో రాజులిద్దరూ సరదాకి కుస్తీ పట్టారనీ, ఇంగ్లండు రాజు వెల్లకిలా పడ్డాడనీ విని తల అడ్డంగా ఊపారు. “ఇంకేం కుదుర్తుంది. ఆ సంబంధం తప్పిపోయినట్టే.” తప్పిపోయింది కూడా.

భూమిని చుట్టిరావడానికి అయిదు ఓడలు వెళ్ళి, మూడేళ్ళకి ఒకే ఓడ, పద్దెనిమిది మందితో తిరిగొచ్చిన కథ పదో భాగం. ఓడలో ఒకడు రోజు తప్పకుండా లెక్క రాశాడు. దారిలో ఒక దీవిలో ఆగితే, ఓడలో బుధవారం, ఒడ్డు మీద గురువారం. ఒక రోజు ఎటు పోయిందో వాళ్ళకి తెలియలేదు. నేనది చదవగానే కాయలు ఏరే ఒకామె, చేతిలో పని ఆపకుండానే అంది: “మూడేళ్ళు తిరిగితే ఒక్క రోజేగా పోయింది. నాకు పెళ్ళయిన కాణ్ణించి ఒక్కటీ కనపళ్ళేదు.” మండీ అంతా ఘొల్లుమంది. మేష్టారు ఆ మాటని కూడా నోటుబుక్కులో రాసుకున్నారు.

పదకొండో భాగం సన్యాసిది. పాపాలు పోతాయని చీటీలు అమ్మడం తప్పని రాసిన సన్యాసి. ఆ రాతలు దేశమంతా పాకాయి. చివరికి వోర్మ్స్ అనే ఊళ్ళో చక్రవర్తి ముందు నిలబెట్టారు. బల్ల మీద ఆయన పుస్తకాలన్నీ పేర్చి, ఇవి నువ్వు రాసినవేనా, వీటిని వెనక్కి తీసుకుంటావా అని అడిగారు. మొదటిదానికి అవునన్నాడు. రెండోదానికి ఒక్క రోజు గడువు ఇమ్మన్నాడు.

భాగం అక్కడితో అయిపోయింది.

నేను పేపరు మడిచాను. ఎవరూ లేవలేదు.

“అదేంటి, మరి ఏమన్నాడూ?” అన్నాడు రెడ్డిగూడెం రైతు.

“వచ్చే ఆదివారం.”

“వెనక్కి తీసుకుంటాడేమోనండీ. ప్రాణం మీదికొచ్చింది కదా.”

“మేష్టారిని అడగండి.”

అందరూ వెనక్కి తిరిగారు. మేష్టారు గొడుగు తీసుకుని అప్పటికే మెట్లు దిగుతున్నారు. ఆయన నడకలో అంతటి ఉత్సాహం నేను మళ్ళీ చూడలేదు. ఆవేళ ఒక్క చుట్టా వెలగలేదు.

ఇన్‌స్పెక్టరుగారు అడిగింది పన్నెండో భాగమే. మనిషి లోపల జరిగేది. సంఘం సమావేశం ఆ తర్వాతి ఆదివారం దాటిన మర్నాడు, సోమవారం.

ఇక నా తప్పు. దానికి మా మామిడి గంపల సంగతి చెప్పాలి.

పోస్టులో వేసిన కాగితం మద్రాసు చేరడానికి రెండు రోజులు, ఒక్కోసారి మూడు పట్టేది. బాపులపాడు దగ్గర స్టేషన్లో పార్సిలు చేసిన మామిడి గంప మర్నాటికే చేరేది. పండు పాడవుతుందని రైల్వేవాళ్ళు దాన్ని ఎక్కడా ఆపేవారు కాదు. అందుకని సీజన్లో మేము ఆదివారం పేజీ సబెడిటరుకి వారానికో చిన్న గంప పంపేవాళ్ళం. దోరకాయ, ఒకటి రెండు రోజుల్లో తినేది. మూత కింద గడ్డిలో మేష్టారి కాగితాల కవరు. ఆఫీసు బంట్రోతు గంప విప్పగానే కవరు దొరికేది. ఎనిమిదో భాగం నుంచి అన్నీ అలాగే వెళ్ళాయి.

పచ్చికాయ గంపలు వేరు. వాటిని వారం పది రోజులు కదపకుండా మాగబెట్టాలి. షావుకారుగారి మండీలో అలాంటి గంప మూత మీద ఒక వేపరెమ్మ పెట్టి కుట్టేవారు. విప్పొద్దని గుర్తు. అంతకుముందు ఏడు మద్రాసు ఆఫీసులో అలాంటి గంపని తొందరపడి విప్పి, పుల్లగా ఉన్నాయని మా మీద విసుక్కున్నారు. నేను ఘాటుగా ఉత్తరం రాశాను. వేపరెమ్మ కనపడితే పదిరోజులదాకా చెయ్యి వెయ్యొద్దు, ఎవరు చెప్పినా సరే అని. ఆ ఉత్తరాన్ని వాళ్ళు గోడకి అంటించుకున్నారని తర్వాత తెలిసింది.

ఆ వారం సబెడిటరుగారు తమ ఇంట్లో మాగబెట్టుకుంటామని పచ్చికాయ అడిగారు.

గురువారం పొద్దున మేష్టారు కాగితాలతో మండీకి వచ్చారు. పరీక్ష పేపర్ల వెనక వైపు రాసిన పద్నాలుగు పేజీలు. ఆయన నకలు ఉంచుకోరు. నకలు రాసే కాగితం ఉంటే ఇంకో భాగమే రాస్తాననేవారు. మూడు రాత్రులు నిద్రపోలేదని కళ్ళు చెబుతున్నాయి.

“ఇది సరిగ్గా కుదిరిందోయ్,” అన్నారు. అంతకుముందు పదకొండింటిలో దేని గురించీ ఆయన ఆ మాట అనలేదు.

ఆ సమయానికి నా మనసు తిరువూరు మీద ఉంది. నైజాం సరిహద్దు అవతలినుంచి జనం మూటలతో, పిల్లలతో ఇటు వచ్చేస్తున్నారు. బియ్యం వేసుకుని ఒక లారీ అటు వెళుతోంది. అది మండీ ముందు ఆగి హారను కొడుతోంది. వెళితే నా జీవితంలో మొదటిసారి సన్మానాలు కాని వార్త రాయొచ్చు. గంప కుడుతున్న మనిషి దగ్గరికి వెళ్ళి కవరు మూత కిందకి తోశాను. వేపరెమ్మ అతని పక్కనే ఉంది. చూశాను. అబద్ధం ఎందుకు, చూశాను. చూసింది కంటితోనే గానీ బుర్రతో కాదు. లారీ ఎక్కేశాను. తిరువూరు నుంచి ఒక టెలిగ్రాం ఇచ్చినా సరిపోయేది. కవరు గంపలో ఉంది, విప్పండి, అంతే. ఆ నాలుగు మాటలు నాకు తట్టలేదు.

తిరువూరులో రెండు రోజులున్నాను. చూసినదంతా రాసి తంతి ఆఫీసులో ఇచ్చాను. శనివారం చీకటి పడ్డాక ఇంటికొచ్చి పడుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం బస్సులోంచి కట్ట దించుకుని, అలవాటు ప్రకారం, విప్పకుండానే మండీకి తీసుకెళ్ళాను. ఆ రోజు మండీలో కూర్చోడానికి చోటు లేదు. సన్యాసి ఏమన్నాడో వినడానికి పక్క మండీల వాళ్ళు కూడా వచ్చారు.

ఆదివారం పేజీ తిప్పాను. మేష్టారి భాగం ఉండాల్సిన అరపేజీలో నా సరిహద్దు వార్త ఉంది. పెద్ద అక్షరాల శీర్షికతో, మూడు కాలాలు. కింద ‘మా నూజివీడు విలేకరి’ అని.

మద్రాసులో జరిగింది ఇది. శుక్రవారం గంప చేరింది. బంట్రోతు వేపరెమ్మ చూసి, గోడ మీది నా ఉత్తరం తలుచుకుని, గోనె కప్పి స్టోరు గదిలో పెట్టాడు. మేష్టారికి ఒంట్లో బాగాలేదేమో అనుకుని సబెడిటరుగారు ఖాళీ అయిన చోట నా తంతివార్త వేశారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ క్షణాన నాకు తెలిసిందల్లా, వేపరెమ్మ.

“చదవండి బాబూ,” అన్నాడు రెడ్డిగూడెం రైతు.

మేష్టారు స్తంభం దగ్గరినుంచి వచ్చి నా భుజం మీదుగా పేజీ చూశారు. పేపరు నా చేతిలోంచి తీసుకున్నారు. నా వార్తని ఆయనే చదవడం మొదలుపెట్టారు. మొదటినుంచి చివరిదాకా, ఒక్క మాట వదలకుండా, తరగతిలో చదివినట్టు. మూటలు, పిల్లలు, కాలవ గట్టు మీద పొయ్యి రాజేసుకుంటున్న ఒక ముసలామె. చదివి మడిచి నాకిచ్చారు.

“బాగా రాశావు నాయనా. ఆ పొయ్యి సంగతి చాలా బాగుంది.”

“మేష్టారండీ, కవరు... గంపలో...”

“తర్వాత చెబుదువుగాని.”

“మరి ఆ సన్యాసి ఏమన్నాడండీ?” రెడ్డిగూడెం రైతు వదల్లేదు. “వారం రోజుల్నించి అదే ఆలోచన. పొలంలో కూడా అదే.”

మేష్టారు గొడుగు స్తంభానికి ఆనించారు. కోటు పై బొత్తాం విప్పారు. మండీలో ఆయన మాట్లాడటం అదే మొదలు, అదే ఆఖరు.

గంటకి పైగా చెప్పారు. ఆ గంట గురించి నేను యాభై ఏళ్ళుగా ఆలోచిస్తున్నాను, మిగిలింది ముక్కలే. చక్రవర్తికి ఇరవై ఒక్కేళ్ళని చెప్పారు. మొదటి రోజు సన్యాసి గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే, వెనకాల నిలబడ్డవాళ్ళకి వినపడనే లేదని చెప్పారు. ఎక్కువ సేపు ఆ గడువు గురించే చెప్పారు. ఒక్క రోజు దొరికితే భయపడ్డ మనిషి ఏం చేస్తాడు, ఎవరి మొహాలు గుర్తు చేసుకుంటాడు, అబద్ధం చెబితే రేపు ఉదయం అన్నం ఎలా సహిస్తుంది. దీపాలు పెట్టే వేళకి సభ మళ్ళీ కూడింది. నేను రాసింది తప్పని చూపించండి, దిద్దుకుంటాను, చూపించకుండా వెనక్కి తీసుకోమంటే నాకు చేతకాదని ఆయన అన్నాడని చెప్పారు. చెప్పింది ఆ అర్థమే. ఆ మాటలు మాత్రం వేరు. ఆ మాటలు నా దగ్గర లేవు.

అక్కడితో ఆపలేదు కూడా. కొన్నేళ్ళ తర్వాత రైతులు తిరగబడితే, వాళ్ళని నలిపెయ్యమని దొరలకి రాసిందీ ఆ సన్యాసేనని చెప్పారు. రెడ్డిగూడెం రైతు మొహం మాడిపోయింది.

“అదేంటండీ. అంతటోడూ అట్టా అన్నాడా?”

“అన్నాడు. మనిషి ఒక రోజు నిలబడతాడయ్యా. అన్ని రోజులూ నిలబడతాడని ఎవరూ పూచీ ఇవ్వలేరు. ఆ ఒక్క రోజు అబద్ధమైపోదు కదా.”

ఇది మాత్రం నాకు మాటకి మాట గుర్తుంది.

నా జేబులో పెన్సిలు ఉంది, నోటుబుక్కు ఉంది. షార్ట్‌హ్యాండు నేర్చుకున్నవాణ్ణి. ఆ తర్వాత నలభై ఏళ్ళలో ఎంతమంది మంత్రుల ఉపన్యాసాలు పొల్లు పోకుండా దించుకున్నానో చెప్పలేను, ఒక్కటీ దించుకోదగ్గది కాదు. ఆ గంటసేపు నేను చెయ్యి జేబులో పెట్టుకుని విన్నాను. గంప విప్పితే కాగితాలు దొరుకుతాయి కదా అనుకున్నాను. అది ఒక కారణం. రెండోది, ఆయన మొహం చూస్తూ తల వంచి రాయాలనిపించలేదు. ఉద్యోగంలో ఉన్నవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. అలాంటప్పుడు తల వంచండి.

సోమవారం బెజవాడకి ఆయనతో నేనూ వెళ్ళాను. పదకొండు కత్తిరింపులు వరసగా అంటించిన పుస్తకం ఆయన ఒళ్ళో. లోపల పది నిమిషాలు పట్టింది. నేను వసారాలో నిలబడి విన్నాను.

“రసవత్తరంగా ఉన్నాయి. కాదనను,” అన్నారు అధ్యక్షులు. “కానీ నేను అడిగింది ఆఖరిది. అదే లేదు.”

“రాశానండీ. అచ్చు కావడం ఆలస్యమైంది.”

“రాస్తే సరిపోదు కదా. జనానికి అర్థమైందా లేదా అన్నది తేలాలి. తేలిందా?”

“నిన్న మా మండీలో నోటితో చెప్పానండీ. విన్నారు.”

“మామిడికాయల వ్యాపారులు వినక ఏం చేస్తారు. ఎండపూట, నీడ.”

ఎవరో నవ్వారు. ఇంకొన్నేళ్ళు ఇంగ్లీషు పుస్తకమే ఉండాలనీ, తర్వాత దాన్నే మద్రాసులో ఎవరిచేతనైనా తర్జుమా చేయించాలనీ తీర్మానం రాసుకున్నారు.

తిరిగి వచ్చే బస్సులో నేను గంప సంగతి అంతా చెప్పాను. వేపరెమ్మ చూశానని కూడా చెప్పాను. తిడతారని ఎదురు చూశాను. తిడితే బాగుండేది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, “ఏ రకం కాయోయ్ అది?” అన్నారు.

“పెద్ద రసాలండీ.”

“అయితే బాగా మాగుతుంది,” అన్నారు.

ఆ మరుసటి వారం గంప విప్పారు. ఒక కాయ కుళ్ళి రసమంతా కాగితాల్లోకి దిగింది. పైన రెండు, అడుగున మూడు పేజీలు తప్ప మిగతావి అట్టకట్టి, విడదీస్తే గుజ్జుగా ఊడొచ్చాయట. సబెడిటరుగారు క్షమించమని రాశారు. మళ్ళీ రాసిస్తే ఎప్పుడైనా వేస్తామన్నారు. ఆ ఉత్తరంలోనే ఇంకో సంగతి ఉంది. సరిహద్దు వార్త మా సంపాదకులకి నచ్చిందనీ, మద్రాసు ఆఫీసులో ఉద్యోగం ఖాళీ ఉందనీ, వస్తావా అనీ.

వెళ్ళాను. నలభై ఏళ్ళ నా ఉద్యోగం ఆ అరపేజీ ఖాళీలో మొదలైంది. ఇది నేను ఎవరికీ చెప్పుకోలేదు.

మేష్టారు రిటైరయి బాపులపాడులో కూతురి దగ్గర ఉండేవారు. ప్రతి వేసవిలో కార్డు రాసేవాణ్ణి, పన్నెండోది రాయండని. జవాబు వచ్చేది. ‘ఈ ఏడు తప్పకుండా’ అని ఒకసారి. ‘మొదలుపెట్టాను, అప్పటిలాగా రావడం లేదు’ అని ఒకసారి. ‘ఎవరికోసమని రాయాలో తెలియడం లేదోయ్’ అని ఆఖరిసారి. ఆ తర్వాత కార్డు ఆయన కూతురు రాసింది.

చాలా ఏళ్ళకి పత్రికల వాళ్ళ బృందంలో నాకు జర్మనీ వెళ్ళే అవకాశం వచ్చింది. అడిగి మరీ వోర్మ్స్ చూశాను. ఆ సభ జరిగిన భవనం ఇప్పుడు లేదు, తోట ఉంది. దారి చూపించే ఆమె అయిదు నిమిషాల్లో అంతా చెప్పేసింది. తేదీలు సరిగ్గా ఉన్నాయి, మాటలు సరిగ్గా ఉన్నాయి. మా వాళ్ళు ఫోటోలు తీసుకున్నారు. నాకు అక్కడ నిలబడి వరిగడ్డి వాసన కావాలనిపించింది. స్తంభానికి ఆనించిన గొడుగు కావాలనిపించింది. ఎంత కావాలనిపించినా అక్కడ దొరికేది కాదది, నూజివీడులోనూ దొరకదు.

ఉద్యోగం మానేశాక పన్నెండో భాగం నేనే రాద్దామని కూర్చున్నాను. పుస్తకాలు తెప్పించుకున్నాను. ఆరు నెలలు పట్టింది. రాయడం నా వృత్తి కనక తప్పుల్లేకుండా వచ్చింది. దాన్ని ఎవరికైనా చదివి వినిపించాలి. షావుకారుగారు అప్పటికి లేరు. రెడ్డిగూడెం రైతు ఉన్నాడని తెలిసి వెళ్ళాను.

తొంభైకి దగ్గరపడ్డాడు. తోటలో పాక ముందు నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. పోల్చుకోడానికి కాస్త సేపు పట్టింది. మొత్తం చదివాను. ఓపిగ్గా విన్నాడు.

“బాగుందండీ,” అన్నాడు. “కానీ మేష్టారు చెప్పింది ఇది కాదు.”

“ఏం చెప్పారో గుర్తుందా మీకు?”

“మాటలు గుర్తులేవండీ.” మంచం మీద నులక సర్దుకున్నాడు. “ఆ మర్నాడు నూజివీడు కోర్టులో నా సాక్ష్యం ఉంది. మా పెదనాన్న కొడుకు తరపున. ఓ తోట తగాదా. చెట్లు వాళ్ళ నాన్న నాటాడని చెప్పాలి. నెల్రోజులు ప్లీడరు గుమాస్తా నేర్పాడు నాకు, ఎట్టా చెప్పాలో. నాటింది వేరే ఆయనండీ. ఆయన చచ్చిపోయాడు, భార్య ఒక్కతే ఉంది. ఆ మొక్కలకి కావిడితో నీళ్ళు మోసింది నేనే. నాకు తెలవదా.”

“మరి?”

“బోనెక్కి ఉన్నది చెప్పేశాను. తోట ఆవిడకి పోయింది. మా వాళ్ళు పన్నెండేళ్ళు నా గడప తొక్కలేదు. మా తమ్ముడు పోతే కూడా కబురు పెట్టలేదు.” నవ్వాడు. “ఇప్పుడు పర్లేదులెండి. అందరూ పోయారు.”

“మేష్టారికి ఈ సంగతి చెప్పారా?”

“లేదండీ. ఇందులో చెప్పడానికేముంది. అయినా ఆవేళ కోర్టు దగ్గర మీకోసం చూశాను. పేపరాయన కదా, వస్తారేమోనని. ఎక్కడున్నారు మీరు?”

మేష్టారితో బెజవాడలో ఉన్నానన్నాను.

“ఏం పని మీదండీ?”

చెప్పాను. సంఘం సంగతి, అధ్యక్షులు అడిగిన ప్రశ్న, మేష్టారు చెప్పిన జవాబు, వాళ్ళు నవ్వడం, అంతా చెప్పాను. అతను చెవి నా వైపు పెట్టి చివరిదాకా విన్నాడు.

“అయ్యో,” అన్నాడు. “మరి నన్ను తీసుకెళ్ళకపోయారా.”